ఎడమ చక్రం పొంతన

పాత వస్తువుల మీద ప్రేమ మనుషులకు పుడితే ఇల్లు ఇరుకవుతుంది, అంతే. ప్రభుత్వానికి పుడితే మండలి పుడుతుంది. ఆ ఎండాకాలం పైన ఎవరో పెద్దాయనకు పాత కార్ల మీద మమకారం కలిగింది. ముప్పై ఏళ్లు దాటిన ప్రతి బండీ జాతి సంపదేననీ, కంపెనీ దాన్ని ఎలా కన్నదో అలాగే కాపాడుకోవాలనీ ఉత్తర్వు వచ్చింది. రాజమండ్రిలో మూతపడిన ఒక కల్యాణ మండపానికి సున్నం వేయించి, ‘పాత వాహనముల మూలస్వరూప పరిరక్షణ మండలి’ అని బోర్డు తగిలించారు. ఇకమీదట పాత బండికి ఏ చిన్న సామాను మార్చాలన్నా, అది ఆ బండికి తగినదేనని మండలి ‘అనుకూలతా నిర్ధారణ ధ్రువపత్రం’ ఇవ్వాలి. పత్రం చూడకుండా సామాను అమ్మిన దుకాణానికి తాళం పడుతుంది. అంత పొడుగు పేరు నోరు తిరగక, పైగా ఇచ్చేది కల్యాణ మండపంలో కనుక, జనం దానికి పొంతన కాగితం అని పేరు పెట్టుకున్నారు.

సరిగ్గా ఆ నెలలోనే మట్టా రత్నమాణిక్యం గారి అంబాసిడర్ ఎడమ ముందు చక్రం మూలగడం మొదలుపెట్టింది.

మాణిక్యం గారిది కోరుకొండ అవతల కాపవరం. యాభై నాలుగేళ్ల మనిషి. ఆవిడ భర్త సుబ్బారాయుడు లేతు మిషను మీద ఎంతటి ఇనుమునైనా మాట వినిపించిన పనివాడు. ఆఖరి రెండేళ్లు ఆయన కిడ్నీలు పనిచేయలేదు. వారానికి మూడుసార్లు రాజమండ్రి వెళ్లి రక్తం శుద్ధి చేయించుకోవాల్సి వచ్చింది. ఆ ప్రయాణాల కోసమే ఆయన పాత అంబాసిడర్‌ను తనకు కావలసినట్టు మార్చుకున్నాడు. ముందు సీటు పీకేసి వెనక్కి వాలే కుర్చీ బిగించాడు. బ్రేకు గట్టిగా పట్టాలని ఒక సామాన్ల వ్యాను ముందు ఇరుసూ, చక్రాలు బిగించే హబ్బులూ తెచ్చి దీనికి అమర్చాడు. ఓపిక ఉన్నన్నాళ్లూ భార్య పక్కన కూర్చుని ఆవిడకు డ్రైవింగు నేర్పాడు.

ఆయన పోయి ఆరేళ్లయింది. కారు అమ్మేయమని చాలామంది చెప్పారు. ఆవిడ అమ్మలేదు. చుట్టుపక్కల ఊళ్లలో అదే జబ్బుతో ఉన్న ముగ్గురిని సోమ, బుధ, శుక్రవారాలు తెల్లవారగానే ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్లి, మధ్యాహ్నం ఇళ్ల దగ్గర దించేది. వెనక సీట్లో చెల్లాయమ్మ, ట్రాక్టరు నడిపే పోలినాయుడు కూర్చునేవారు. వాలు కుర్చీ మాత్రం అబ్బులు మాస్టారిది. ఆయన ముప్పై మూడేళ్లు హైస్కూల్లో డ్రిల్లు చెప్పి రిటైరయ్యారు. ఇప్పుడు నాలుగడుగులు వేస్తే ఆయాసం. అయినా కారెక్కగానే వెనక్కి తిరిగి అందరి హాజరూ వేసేవారు. చక్రం చప్పుడు ముందు పట్టింది కూడా ఆయనే.

“అమ్మాయ్, ఎడం పక్కోడు లైను తప్పుతున్నాడు, చూయించు,” అన్నారు.

కోరుకొండ సెంటర్లో కరీముల్లా మేస్త్రి షెడ్డు ఉంది. చక్రం విప్పి చూస్తే లోపలి బేరింగు గుళ్లు గుంటలు పడి, వాటిని పట్టి ఉంచే పంజరం ఓ పక్క విరిగి ఉంది. ఇంకో పది మైళ్లు తిప్పితే చక్రం పట్టేస్తుందని, బండి కదపొద్దని మేస్త్రి చెప్పాడు. తర్వాత ఇరుసును వెర్నియర్‌తో కొలిచాడు, హబ్బు గూడు కొలిచాడు, విరిగిన బేరింగు అంచు మీద అరిగిపోయిన నంబరును గుడ్డతో తుడిచి చదివాడు. ఆ నంబరు బేరింగు వ్యానుది, ఎక్కడైనా దొరుకుతుంది. అరగంట పని.

“కానీ ఇప్పుడు కాయితం కావాలంటున్నారమ్మా,” అన్నాడు కరీముల్లా.

మాణిక్యం గారు కాగితం కోసం వెళ్లింది. మండపంలో పెళ్లికూతురి గదికి ‘విచారణ’ అని చీటీ అంటించి, లింగేశ్వరరావు అనే గుమస్తాను కూర్చోబెట్టారు. నెమ్మదైన మనిషి. బండి పేరూ, పుట్టిన సంవత్సరమూ అడిగి, లావుపాటి జాబితా తిరగేసి, అందులో ఉన్న నంబరు రాసి, ముద్ర కొట్టి చేతిలో పెట్టాడు. ఇంత తేలిగ్గా పని జరిగినందుకు ఆవిడకు కళ్లు చెమర్చాయి. ఆ నంబరు బేరింగు కొని షెడ్డుకు తీసుకెళితే, అది ఇరుసు మీదికి ఎక్కలేదు. చంటిపిల్ల గాజు ముత్తైదువ చేతి దగ్గర ఆగినట్టు మొదట్లోనే ఆగిపోయింది. రంధ్రం అయిదు మిల్లీమీటర్లు చిన్నది.

“జాబితా తప్పు కాదమ్మా,” అన్నాడు కరీముల్లా. “కంపెనీ ఇరుసుకి అదే సరైంది. మనది సామాన్ల యేను ఇరుసు. బేరింగు బండి పేరు సూడదు, ఇరుసు లావు సూస్తాది.”

ఈ సంగతే ఆవిడ మర్నాడు మండలి ప్రత్యేకాధికారి విశ్వపతి గారికి విన్నవించింది. విశ్వపతి గారు మండపంలో వేదిక మీద, పెళ్లిపీటలుండే చోట బల్ల వేయించుకుని కూర్చునేవారు. ఆయన అంతకు ముందు చేపల శాఖలో పనిచేశారు. పాత కార్లను గురించి ఆయనకు ఎలాంటి దురభిప్రాయాలూ లేవని, అంటే అసలు ఏ అభిప్రాయమూ లేదని, అందుకే ఏరి కోరి వేశారని చెప్పుకునేవారు.

ఆయన ఓపికగా విన్నారు. “మండలి సూచించిన బేరింగు ఎక్కలేదని మీరు ఆరోపిస్తున్నారు,” అన్నారు.

“ఆరోపణ కాదండి. ఎక్కలేదండి.”

“ఎక్కించే ప్రయత్నములో చిత్తశుద్ధి లోపించి ఉండవచ్చును.”

మేస్త్రి అరగంట ప్రయత్నించాడని ఆవిడ చెప్పింది. విశ్వపతి గారు కళ్లు మూసుకుని ఆలోచించి, నిబంధనల ప్రకారం బేరింగు సరైనదే కనుక దోషం ఇరుసులో ఉందని, దాన్ని అయిదు మిల్లీమీటర్ల మేర వినయపరచవలసిందిగా సలహా ఇచ్చారు. వినయపరచడమంటే అరగదీయడమని బయటికి వచ్చాక లింగేశ్వరరావు అర్థం చెప్పాడు. ఆ సలహా విని కరీముల్లా చేతిలో స్పానరు కింద పెట్టేశాడు. అంత అరగదీస్తే మొదటి గోతిలోనే ఇరుసు విరిగి చక్రం మనకంటే ముందు రాజమండ్రి చేరుతుందన్నాడు. తన చేతులతో ఆ పని చేయనన్నాడు.

మాణిక్యం గారు మళ్లీ వేదిక ఎక్కింది. ఈసారి విశ్వపతి గారు, ఇరుసు వినయానికి అంగీకరించని అరుదైన కేసుగా దీన్ని నమోదు చేసి, నిపుణుల సంఘానికి పంపారు.

సంఘంలో ముగ్గురు సభ్యులు. ‘మూలస్వరూపం’ అన్న మాటకు అర్థం చెప్పడానికి ఒక విశ్రాంత తెలుగు ఆచార్యులు, లోహాలు తెలిసినవారు ఒకరు ఉండాలి కనుక నగల దుకాణంలో గీటురాయి చూసే పెద్దమనిషి, సంపద అన్నాక చరిత్ర ఉంటుంది కనుక శాసనాలు చదివే ఒక పరిశోధకుడు. కరీముల్లా కూడా వచ్చాడు గానీ, బేరింగులతో ప్రత్యక్ష సంబంధం ఉన్న వ్యక్తి నిష్పక్షపాతంగా ఉండలేడని బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. లోపల విరిగిన బేరింగు పళ్లెంలో చేతులు మారింది. గీటురాయి పెద్దమనిషి అందులో బంగారం లేదని తేల్చారు. పరిశోధకుడు అంచు మీది నంబరును భూతద్దంతో చూసి ఇది మరీ అర్వాచీనమన్నారు. ఆచార్యులు మాత్రం, ‘తిరుగునది’ అనే స్వభావమే బేరింగుకు మూలస్వరూపమని, తిరిగినచో ఏ బేరింగైనను మూలస్వరూపమునకు భంగము లేదని గంటసేపు వ్యాఖ్యానించారు. మాణిక్యం గారికి అందులో సగమే అర్థమైనా, ఆ సగమూ తనవైపే ఉన్నట్టు తోచింది.

సంఘం తీర్పు రెండు వారాలకు వచ్చింది. దరఖాస్తుదారు కోరిన వ్యాను బేరింగును పరిశీలించవచ్చు. అయితే అది ఆ బండిలోనే బిగించబడి, వెయ్యి కిలోమీటర్లు నిర్విఘ్నంగా తిరిగినట్టు రుజువు కావలెను. ధ్రువపత్రం లేని బేరింగుతో బండి రోడ్డెక్కరాదు.

“రోడ్డెక్కకుండా వెయ్యి కిలోమీటర్లు ఎలాగండి?” అని ఆవిడ అడిగింది.

“వాహనము కదలరాదు. పరీక్ష ఆగరాదు,” అన్నారు విశ్వపతి గారు. ఇలాంటి వాక్యం తన నోటి వెంట వచ్చినందుకు ఆయన లోలోపల ఆనందించారు.

ఈలోగా రోగులు ముగ్గురూ ఆటోలో వెళ్లి వస్తున్నారు. ఇరవై ఎనిమిది కిలోమీటర్లు, సగం దారి గోతులు. మాణిక్యం గారు డ్రైవరు పక్కన ఒక పిర్ర మీద కూర్చుని, వెనక్కి చెయ్యి చాపి అబ్బులు మాస్టారి భుజం పట్టుకునేది. ఆటోలో వాలడానికి లేదు, కాళ్లు చాపడానికి లేదు. వాన పడిన రోజు ఆటో వచ్చేది కాదు. అలా రెండు శుక్రవారాలు ఆసుపత్రి తప్పింది. మాస్టారి కాళ్లు వాచాయి. పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతున్నారని ఆయన భార్య చెప్పింది. ఇంకో బండి మాట్లాడదామంటే కుర్చీ వాలేది అక్కడెక్కడా లేదు. మండలి వాళ్లు తొందరగా కానిచ్చేస్తారులే అని మాణిక్యం గారే అందరికీ ధైర్యం చెబుతూ వచ్చింది. అలా చెప్పినందుకు తర్వాత చాలాకాలం ఆవిడ తనను తాను తిట్టుకుంది.

చివరికి బండిని మండపానికి తెప్పించి, చక్రాన్ని ఉన్నచోటే తిప్పి పరీక్షించాలని మండలి తేల్చింది. పోలినాయుడి తమ్ముడు కారును ట్రాక్టరు తొట్టిలో ఎక్కించి, ఈనబోయే గేదెను తెచ్చినంత జాగ్రత్తగా తెచ్చి మండపం వంటశాల వెనక దించాడు. కరీముల్లా, పరీక్షకని మండలి కొననిచ్చిన కొత్త వ్యాను బేరింగుకు గ్రీజు నింపి బిగించి, ఎడమ చక్రాన్ని జాకీ మీద గాలిలోకి లేపాడు. చక్రం చుట్టుకొలత రెండు మీటర్లు. అంటే వెయ్యి కిలోమీటర్లకు అయిదు లక్షల చుట్లు. దాన్ని చేత్తో తిప్పడానికి ఇద్దరు ‘చక్ర భ్రామకులను’, లెక్కపెట్టడానికి ఒక ‘భ్రమణ పర్యవేక్షకుణ్ణి’ నియమించారు. చక్రానికి చెరోవైపు బల్ల వేసుకుని, రోజుకు పన్నెండు వేల చుట్లు. అప్పుడప్పుడూ విశ్వపతి గారు కొబ్బరినీళ్లు తాగుతూ వచ్చి, ఇప్పుడు బండి ఎక్కడిదాకా వచ్చిందని అడిగేవారు. పర్యవేక్షకుడు పుస్తకం చూసి తుని అనో అనకాపల్లి అనో చెప్పేవాడు. బండి వంటశాల వెనకే ఉండేది.

పదకొండో రోజు తనిఖీ అధికారి వచ్చాడు. ఆయన అరగంట నిలబడి చూసి ఒక ఘోరం కనిపెట్టాడు. పొద్దుటి భ్రామకుడు చక్రాన్ని ముందుకు తిప్పుతున్నాడు. మధ్యాహ్నం అవతలి బల్ల మీది భ్రామకుడు తన చేతివాటం కొద్దీ వెనక్కి తిప్పుతున్నాడు. ఉదయం వెళ్లిన బండి సాయంత్రానికి తిరిగి వస్తున్నది కనుక, పదకొండు రోజుల నికర ప్రయాణం సున్నా అని ఆయన రాసి సంతకం పెట్టాడు.

ఎటు తిరిగినా బేరింగు తిరిగినట్టే కదండీ అని మాణిక్యం గారు మొత్తుకుంది. ఆవిడ వాదనను రికార్డులో చేర్చారు. బండిని మళ్లీ రాజమండ్రి నుంచి బయల్దేరదీశారు.

అయిదు లక్షల చుట్లూ పూర్తయ్యేసరికి శ్రావణం దాటింది. చక్రం వెన్నలా తిరుగుతోంది. చివరి చుట్టుకు కొబ్బరికాయ కొట్టారు. భ్రామకుల ఉద్యోగాలు పర్మనెంటు చేయాలని అప్పటికే పైకి రాశారు. మాణిక్యం గారు తాళంచెవి చేత్తో పట్టుకుని నిలబడింది. విశ్వపతి గారు ఉత్తర్వు చదివారు. సదరు బేరింగు సదరు వాహనమునకు సంపూర్ణముగా అనుకూలమని నిర్ధారించడమైనది. అయితే సదరు బేరింగు ఇప్పటికే వెయ్యి కిలోమీటర్లు తిరిగినది కనుక, ఏడవ నిబంధన ననుసరించి అది వాడిన సామాను. వాడిన సామాను జాతి సంపదకు అమర్చరాదు. కనుక తొలగించవలెను.

“అదే నంబరుది కొత్తది వేసుకుంటానండి,” అంది ఆవిడ.

“పరీక్షింపబడినది ఇది. కొత్తది కాదు,” అన్నారాయన సానుభూతిగా. “అన్న పరీక్ష రాస్తే తమ్ముణ్ణి పాస్ చేయలేము కదమ్మా.”

ఆవిడ మెట్లు దిగి వంటశాల వెనక్కి వెళ్లి కారు బానెట్ మీద చెయ్యి వేసి నిలబడింది. ఏడవాలనిపించింది గానీ భ్రామకులు చూస్తున్నారు. చేతి కింద ఏదో గరుకుగా తగిలింది. చూస్తే తెల్లరంగుతో ‘స్థి.ప.ప. 1’ అని రాసి ఉంది. కాగితాలు తీసుకుని అటే వచ్చిన లింగేశ్వరరావును అదేమిటని అడిగింది. కార్యాలయం ఆవరణలో నెలకు మించి ఉన్న ప్రతిదాన్నీ సామాన్ల రిజిస్టరులో ఎక్కించాలని, వాహనమని రాస్తే డ్రైవరు పోస్టు మంజూరు కావాలి గనక ‘స్థిర పరీక్షా పరికరము’ అని రాశారని అతను చెప్పాడు.

“అంటే ఇది ఇప్పుడు కారు కాదా?”

“రికార్డు ప్రకారం కాదండి.”

“మరి పరికరం పాడైతే?”

లింగేశ్వరరావు అటూ ఇటూ చూశాడు. ఉద్యోగంలో చేరి పంతొమ్మిదేళ్లయినా అతన్ని ఎవరూ పనికొచ్చే ప్రశ్న అడగలేదు. పరికరాలకు మూలస్వరూపం ఉండదని, ఏ సామానైనా బజారులో కొని బిగించుకోవచ్చని, పొంతన కాగితం అక్కర్లేదని నెమ్మదిగా చెప్పాడు. సంరక్షకుడి పోస్టు ఒకటి ఖాళీగా ఉందని, జీతం లేదు కనుక ఎవరూ అడగలేదని కూడా చెప్పాడు. ఆ తర్వాత ఎవరూ అడగకుండానే దరఖాస్తు ఫారం తెచ్చి ఇచ్చాడు.

ఆవిడ భ్రామకుల బల్ల మీదే కూర్చుని రాసింది. స్థిర పరీక్షా పరికరం నంబరు ఒకటికి జీతం లేని సంరక్షకురాలిగా తనను నియమించవలసిందనీ, దాని బేరింగు మార్చడానికీ, అటు తర్వాత దాన్ని కాపవరం, రాజమండ్రి మధ్య వారానికి మూడు రోజులు క్షేత్ర పరీక్షకు తీసుకుపోవడానికీ అనుమతి కావాలనీ కోరింది. స్థిర పరికరం కదలడమేమిటని ఎవరైనా అడుగుతారేమోనని ఆవిడకు భయమే. ఎవరూ అడగలేదు. క్షేత్ర పరీక్ష అన్న మాట చూసి విశ్వపతి గారి ముఖం వికసించింది. త్రైమాసిక నివేదికలో ఆ పేరుతో ఒక గడి ఉంది, అది మండలి పుట్టిన నాటి నుంచీ ఖాళీగా ఉంది. అక్కడికక్కడే సంతకం చేసి, పరీక్షలో పరికరం మీద ఎంత భారం ఉంటుందని మాత్రం అడిగారు.

“ముగ్గురండి,” అంది ఆవిడ.

ఆయన ‘భారము: మూడు యూనిట్లు’ అని రాసుకున్నారు.

మర్నాడు కరీముల్లా కొత్త బేరింగు బిగించాడు. సరిగ్గా అరగంట పట్టింది. సోమవారం తెల్లవారగానే అబ్బులు మాస్టారిని ఇద్దరు పట్టుకుని తెచ్చి వాలు కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన మనిషి సగమయ్యారు. కోరుకొండ దాటాక చెవి కిటికీకి ఆనించి కాసేపు విన్నారు.

“ఎడం పక్కోడు లైన్లోకొచ్చాడమ్మాయ్,” అన్నారు. ఆ మూడు మాటలకే ఆయాసం వచ్చింది.

క్షేత్ర పరీక్ష సాగింది. ప్రతి ప్రయాణానికీ భారం ఎంతో రాసి పంపాలి. ఆసుపత్రిలో ఎలాగూ రోగులను మిషను ఎక్కే ముందూ దిగాకా తూస్తారు. ఆవిడ ఆ అంకెలే రాసి పంపింది. వారం తిరక్కుండా మెమో వచ్చింది. పోవునప్పుడు నూట అరవై ఎనిమిది కిలోలున్న భారము, వచ్చునప్పుడు నూట అరవై ఒకటిగా ఉన్నది. ఏడు కిలోల ప్రభుత్వ భారము మార్గమధ్యమున ఎచట దించబడినది? ఒంట్లో చేరిన నీరు మిషను తీసేసిందని ఆవిడ జవాబు రాసింది. తీసిన నీటిని మండలికి జమచేయవలసి ఉన్నదా అన్న విషయం పరిశీలనలో ఉందని మళ్లీ మెమో వచ్చింది. అది చదివి వినిపిస్తే చెల్లాయమ్మ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. మాస్టారు కూడా నవ్వబోయి దగ్గారు.

అయిదో వారంలో ఒక బుధవారం ఆవిడ కారు ఆపేసరికి మాస్టారింటి ముందు చెప్పులు ఎక్కువగా ఉన్నాయి. తప్పిపోయిన రోజుల్లోనే గుండె బరువెక్కిపోయిందని, ఆ తర్వాత ఎంత చేసినా అది కోలుకోలేదని ఆసుపత్రిలో డాక్టరమ్మ అంతకుముందే చెప్పింది. ఆ మాట ఏ కాగితంలోనూ లేదు. మాణిక్యం గారు లోపలికి వెళ్లి మాస్టారి కాళ్లకు దండం పెట్టి, ఆయన భార్య పక్కన కాసేపు కూర్చుంది. తర్వాత లేచి కారెక్కింది. వెనక సీట్లో ఇంకా ఇద్దరు ఉన్నారు, వాళ్లకు వేళ దాటిపోతోంది. ఆ రోజు కారులో పోలినాయుడు ఒక్కసారి గొంతు సవరించుకుని, మాస్టారు వేసినట్టే హాజరు వేయబోయి, చెల్లాయమ్మ పేరు పలికి ఆగిపోయాడు.

ఆ వారం లెక్కలు చేరగానే మండలి నుంచి మెమో వచ్చింది. పరీక్షా భారము మూడు యూనిట్ల నుండి రెండు యూనిట్లకు తగ్గినట్లు గమనించడమైనది. ముందస్తు అనుమతి లేకుండా భారము తగ్గుటకు గల కారణములను మూడు దినములలోపు లిఖితపూర్వకముగా తెలుపవలెను. లేనిచో క్షేత్ర పరీక్ష నిలిపివేయబడును.

మాణిక్యం గారు వంటింటి బల్ల మీద కాగితం పెట్టుకుని కూర్చుంది. మాస్టారు పోయారని రాసి కొట్టేసింది. వానలనీ, ఆటో రాలేదనీ, వెయ్యి కిలోమీటర్లనీ రాయబోయి అదీ కొట్టేసింది. ఇవన్నీ రాస్తే విచారణ అంటారు, కారును మళ్లీ వంటశాల వెనక పెట్టిస్తారు, చెల్లాయమ్మా పోలినాయుడూ ఆటో ఎక్కుతారు. చివరికి ఇంకో కాగితం తీసుకుని, భారము ఎందుకు తగ్గినదన్న ప్రశ్నకు ఎదురుగా ఒకే మాట రాసి సంతకం పెట్టింది.

తగ్గలేదు.

విశ్వపతి గారు ఆ జవాబుకు ఎంతో సంతోషించారు. త్రైమాసిక నివేదికలో భారాన్ని మూడు యూనిట్లుగానే చూపించి పైకి పంపారు.